తార్నాక మలుపులో ట్రంపెట్

హైదరాబాద్‌లోని తార్నాక అంటే తీగ కంచె వేసిన నాకా అని పాతవాళ్లు చెబుతారు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ రోడ్డు మీద బరాత్ వస్తుంటే, నెత్తిన లైట్లు మోసేవాళ్ల నడుమ ట్రంపెట్ పట్టినాయన ఒక్క పాట ఎత్తుకుని ట్రాఫిక్ హారన్లన్నిటినీ మింగేస్తాడు. బ్యాండు పేరు పెద్ద డ్రమ్ము మీద కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఊదేవాడి పేరు పెళ్లికొడుక్కీ తెలీదు.

ఇదే వాద్యం ఇంకోచోట ఎంత గౌరవం చూసిందో తెలియాలంటే డిజ్జీ గిలెస్పీ దగ్గర మొదలుపెట్టాలి. 1917లో పుట్టిన ఈ అమెరికన్ నల్లజాతి జాజ్ విద్వాంసుడు ఊదుతుంటే బుగ్గలు బూరెల్లా పొంగేవి. 1953లో ఒక పార్టీలో ఎవరో ఆయన ట్రంపెట్ మీద పడితే దాని మూతి పైకి వంగిపోయింది. వాయించి చూస్తే ఆ నాదమే నచ్చింది. ఇక జీవితాంతం వంకర ట్రంపెటే!

1956లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన బిగ్ బ్యాండును విదేశీ పర్యటనకు పంపింది. సొంత దేశంలో తెల్లవాళ్ల పక్కన కూర్చోనివ్వని మనిషిని ప్రజాస్వామ్యానికి ప్రచారకుణ్ణి చేయడం ప్రచ్ఛన్నయుద్ధపు వింత. కరాచీలో, ఢాకాలో వాయించారు, మధ్యలో ఉన్న మనల్ని మాత్రం దాటేశారు. ఆ లోటు తరవాత తీరింది. జాజ్ విద్వాంసులు డేవ్ బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎలింగ్టన్ 1963లో భారతదేశం వచ్చారు. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వెలిసింది. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చి అక్కడి గ్రంథాలయంలో నెలల తరబడి చదువుకున్నారు. జాజ్ వచ్చిన దౌత్యం దారిలోనే పుస్తకాలూ వచ్చాయి. అమెరికా నల్లవాళ్ల సంగీతం గురించి చదవడం నేర్చుకున్న మనం, గేటు బయట మోగుతున్న ట్రంపెట్‌ను వినడం నేర్చుకోలేదని నా ఫిర్యాదు.

గిలెస్పీ 1989లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో తన యునైటెడ్ నేషన్ ఆర్కెస్ట్రాతో చేసిన లైవ్ రికార్డింగుకు గ్రామీ దక్కింది. 1993 జనవరి 6న పోయాడు. మనిషి పోయినా మేళం చెదరలేదు. స్లైడ్ హాంప్టన్ నాయకత్వంలో పాత సహచరులు, తరవాతి తరం వాళ్లు కలిసి పిట్స్‌బర్గ్‌లో జనం ముందు వాయించి, 2006లో ‘డిజ్జీస్ బిజినెస్’ ఆల్బంగా తెచ్చారు. అలాంటి బ్యాండులో నాలుగైదు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఐదు శాక్సఫోన్లు, వెనక పియానో, బాస్, డ్రమ్ములు. అందరూ రాసిందే వాయిస్తూ ఒక్కరికి దారి వదులుతారు. ఆ ఒక్కరు చేసేది మన కర్ణాటక సంగీతంలోని మనోధర్మమే. లైవ్ గనక ఆ క్షణాన చప్పట్లు కూడా సంగీతంలో కలిసిపోతాయి.

మన ట్రంపెట్‌కూ చరిత్ర లేకపోలేదు. 1806లో ఏర్పడ్డ సికింద్రాబాద్ లాంటి కంటోన్మెంట్లలోని పటాలాల బ్యాండ్ల వారసత్వమే పెళ్లి బ్యాండు. ఎక్కువగా మీరట్‌లో తయారైన ఇత్తడి వాద్యాలతోనే దేశమంతా పెళ్లి బ్యాండ్లు నడిచాయి. గోవా కళాకారుల చేతుల మీదుగా ట్రంపెట్ బొంబాయి సినిమా పాటల్లోకి వెళ్లింది. వాళ్లలో చిక్ చాకొలెట్‌ను ఇండియా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నారు. ఊదే వాద్యానికి మనవాళ్లు గౌరవం ఇవ్వరనీ అనలేం. ఒంగోలు దగ్గరి కరవది నుంచి శ్రీరంగం చేరిన షేక్ చినమౌలానా నాదస్వరంతో 1998లో సంగీత కళానిధి అయ్యారు. నాదస్వరానికి గుడి ఉంది, సభ ఉంది. పెళ్లి ట్రంపెట్‌కు రోడ్డు తప్ప ఏమీ లేదు.

ఉస్మానియా నుంచి తార్నాక దాకా ఇన్ని విద్యాసంస్థలున్నాయి. ఎవరో ఒకరు ఒక సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఓ పెళ్లి బ్యాండును నిలబెట్టి, జనం మధ్యనే రికార్డు చేయండి. అట్ట మీద ట్రంపెట్ ఆయన పేరు ముందు రాయండి.