బ్రేకు కిట్టు: విడిభాగాల వేట

కారుతో పాటు వచ్చిన బ్రేకులు తీసేసి, పెద్ద డిస్కులు, ఎక్కువ పిస్టన్ల కాలిపర్లు బిగించుకోవడానికి బయటి తయారీదారులు అమ్మే సరంజామాను బ్రేకు కిట్టు అంటారు. కాలిపర్, డిస్కు, ప్యాడ్లు, ఉక్కు అల్లిక గొట్టాలు, కాలిపర్‌ను ఆ కారుకు పట్టి ఉంచే బ్రాకెట్ అందులో ఉంటాయి. బిగించిన రోజు చిక్కేమీ ఉండదు. ప్యాడ్లు అరిగాక మొదలవుతుంది. షోరూముకెళ్లి కారు పేరు చెబితే ఇచ్చే ప్యాడ్ ఈ కాలిపర్‌లో కూర్చోదు. కిట్టు చేసిన కంపెనీ ఆ నమూనా మానేసి ఉండవచ్చు, చేతులు మారి ఉండవచ్చు. అయినా దశాబ్దాల నాటి కాలిపర్లకు ఇవాళ్టికీ ప్యాడ్లు దొరుకుతున్నాయి. ఎందుకంటే ఆ కాలిపర్లను చేసినవాళ్లలో చాలామంది ప్యాడ్ ఆకారాన్ని కొత్తగా గీయలేదు, బజారులో అప్పటికే ఉన్నదాన్ని అరువు తెచ్చుకున్నారు. ఈ వేట చరిత్రంతా ఆ అరువు చరిత్రే.

డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. రాగి ప్యాడ్లు పెట్టే కీచుశబ్దం వల్ల అది అప్పట్లో నిలవలేదు. అర్ధ శతాబ్దం తర్వాత జాగ్వార్, డన్‌లప్ కలిసి దాన్ని రేసు కార్లలోకి తెచ్చాయి. 1952లో ఫ్రాన్సులోని రైమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకుల సి-టైప్ కారుతో గెలిచాడు. మరుసటి ఏడు అదే రకం కారు ల మాన్ 24 గంటల పందెం గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులు పెట్టడంతో ఈ బ్రేకు మామూలు కొనుగోలుదారుకూ అందింది. ఒక కారు బ్రేకు పీకి ఇంకో కారుకు పెట్టొచ్చుననే ఆలోచనకు దారి పడింది ఆ తర్వాతే.

తొలి కిట్లకు పెట్టెలూ లేబుళ్లూ లేవు. అవి పాత ఇనుప సామాను దొడ్లలో దొరికాయి. 1961లో వచ్చిన మినీ కూపర్ ముందు డిస్కులు ఏడంగుళాలవి, ఒక వంటగిన్నె మూతకంటే చిన్నవి. 1980లలో ఆస్టిన్ మెట్రో కార్లు తుక్కుకు రావడం మొదలయ్యాక, బ్రిటన్‌లో మినీ యజమానులు వాటి 8.4 అంగుళాల డిస్కులను, నాలుగు పిస్టన్ల కాలిపర్లను ఊడదీసి తమ కార్లకు ఎక్కించారు. ఇక ప్యాడ్లు కావాలంటే దుకాణంలో మెట్రో పేరు చెబితే సరిపోయేది.

అమెరికాలో డాట్సన్ 240జెడ్ కథ ఇంకా చిత్రమైనది. ఆ కారు ముందు కాలిపర్‌కు రెండే పిస్టన్లు. నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే టయోటా పికప్ ట్రక్కు కాలిపర్‌కు నాలుగున్నాయి, పైగా దాని బోల్టు రంధ్రాలు డాట్సన్‌కు సరిగ్గా కలిశాయి. డిస్కు వెనకుండే రేకును కొంచెం కత్తిరిస్తే పని పూర్తి. కాలిపర్ ఒంటిమీద పోతలోనే ‘ఎస్12+8’ అని ఉంటుంది. ‘ఎస్12డబ్ల్యూ’ అని ఉంటే అది వెడల్పు రకం, గాలి సందులున్న మందపాటి డిస్కుకు పనికొస్తుంది. ఇలా మార్చిన స్పోర్ట్స్ కారుకు ప్యాడ్లు అడగాల్సింది బరువులు మోసే టయోటా ట్రక్కు పేరుతో. సొంత కారు పేరు ఎక్కడా ఎత్తకుండా దాని విడిభాగాలు కొనడం అప్పటి నుంచే ఈ వ్యాపారపు ఆనవాయితీ అయింది.

పేర్లతో ఇంత గందరగోళం ఉన్నచోట నంబర్లు ఆదుకున్నాయి. అమెరికాలో ఘర్షణ పదార్థాల ప్రమాణాల సంస్థ ప్రతి ప్యాడ్ ఆకారానికీ ఒక సంఖ్య ఇస్తుంది. ముందున్న ‘డి’ అక్షరం డిస్కును సూచిస్తుంది. ఐరోపాలో ఇదే పనికి డబ్ల్యూవీఏ సంఖ్యలున్నాయి. సంఖ్య కారుకు కాదు, ఆకారానికి చెందుతుంది. 1978 నుంచి జనరల్ మోటార్స్ మధ్యతరహా కార్లకు వాడిన ముందు ప్యాడ్ డి154. అమెరికాలోని చిన్న ట్రాకుల రేసుల్లో ఆ కార్ల కాలిపర్లే విరివిగా తిరిగాయి. 1977లో కాలిఫోర్నియాలో బిల్ వుడ్ స్థాపించిన విల్‌వుడ్ సంస్థ, అదే బోల్టులకు, అదే ప్యాడ్‌కు సరిపడే తేలికపాటి అల్యూమినియం కాలిపర్ చేసి, దానికి డి154 అనే పేరు పెట్టింది. ప్యాడ్ సంఖ్యే కాలిపర్ పేరైపోయింది. విడిభాగం ఎక్కడ దొరుకుతుందో సరుకు పేరులోనే చెప్పడం కంటే నిజాయితీ ఏముంటుంది?

ఇటలీ నుంచి వచ్చిన దారి వేరు. 1961లో బెర్గామో దగ్గర మొదలైన బ్రెంబో 1975లో ఫెరారీ ఫార్ములా వన్ కార్లకు బ్రేకులు చేసింది, తర్వాత ఖరీదైన రోడ్డు కార్లలోకి పాకింది. పోర్షే 928 ఎస్4, 944 టర్బో ఎస్ కార్ల నాలుగు పిస్టన్ల బ్రెంబో కాలిపర్‌లో కూర్చునే ప్యాడ్ డి372. అమెరికాలోని స్టాప్‌టెక్ తన ఎస్‌టీ-40 కాలిపర్‌కు ఈ ఆకారాన్నే తీసుకుంది. అందుచేత ఆ కిట్టు బిగించిన జపాన్ కారుకు పోర్షే ప్యాడ్ పడుతుంది. ఇంగ్లండులోని లేమింగ్టన్‌లో లాకీడ్ బ్రేకులు చేసిన ఆటోమోటివ్ ప్రోడక్ట్స్ రేసు విభాగంగా ఎదిగిన ఏపీ రేసింగ్‌ను 2000లో బ్రెంబో కొనేసింది. యజమాని మారినా ఏపీ కాలిపర్ మీది ‘సీపీ’తో మొదలయ్యే సంఖ్య మారలేదు. కొనేవాడికి కావాల్సింది అదే. తెలుగు కుర్రాళ్లకు బ్రెంబో పరిచయమైంది మాత్రం కార్ల ద్వారా కాదు, కేటీఎం డ్యూక్ బండి చక్రం దగ్గర కనబడే, పుణేలో తయారయ్యే బ్రెంబో వారి బైబ్రే కాలిపర్ ద్వారా.

డిస్కు సంగతి కొంత సులువు. మంచి కిట్లలో అది రెండు ముక్కలు. బయట పోత ఇనుప వలయం, మధ్యలో అల్యూమినియం టోపీ. కాగినప్పుడు ఇనుము స్వేచ్ఛగా వ్యాకోచించడానికి ఈ ఏర్పాటు. దానివల్ల ఇంకో లాభముంది: అరిగిన వలయం ఒక్కటే మార్చుకోవచ్చు. వ్యాసం, మందం, బోల్టుల సంఖ్య, ఆ బోల్టులు కూర్చునే వృత్తం కొలత కలిస్తే ఏ కంపెనీ వలయమైనా పడుతుంది. ఎస్‌టీ-40తో తరచూ వచ్చే వలయం 355 మిల్లీమీటర్ల వ్యాసం, 32 మందం. లోపలి గాలి సందులు వంకరగా ఉంటే కుడి ఎడమలు వేరు, తారుమారైతే గాలి సరిగా లాగదు. కాలిపర్ లోపలి రబ్బరు సీళ్లను పిస్టన్ వ్యాసం కొలిచి తెచ్చుకుంటారు. రేసు కాలిపర్లు చాలావాటికి దుమ్ము తొడుగు ఉండదు కాబట్టి రోడ్డుమీద వాడితే సీళ్లు త్వరగా పోతాయి.

చట్టాలు ఈ బజారును మరోవైపు నుంచి కదిపాయి. ఆస్‌బెస్టాస్‌ను బ్రిటన్ 1999లో, ఐరోపా సమాఖ్య అంతటా 2005కల్లా నిషేధించడంతో పాత రేసు ప్యాడ్ మిశ్రమాలకు తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. 2010లో అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు ప్యాడ్‌లోని రాగికి పరిమితి పెట్టాయి. బ్రేకు పొడి వానలో కొట్టుకుపోయి చేపలకు హాని చేస్తోందన్నది కారణం. 2021 నుంచి బరువులో 5 శాతం, 2025 నుంచి అర శాతం మించకూడదు. ఆకారం అదే ఉన్నా లోపలి పదార్థం మారింది. లాంచెస్టర్‌ను ఇబ్బందిపెట్టిన రాగి వందేళ్లు దాటాక ఇలా మళ్లీ పేచీకొచ్చింది. వీటికి తోడు నకిలీల బెడద. పేరున్న కాలిపర్లకు నకళ్లు పుట్టుకొచ్చాక, బ్రెంబో తన కిట్లతో రహస్య సంఖ్య ఉన్న కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే దొరకనివి బ్రాకెట్, అల్యూమినియం టోపీ. ఇవి రెండే ఆ కారుకంటూ ప్రత్యేకంగా కోసినవి. వీటికి ఉమ్మడి సంఖ్యల్లేవు, అరువు తెచ్చుకునే చోటూ లేదు. విల్‌వుడ్ లాంటి సంస్థలు కిట్టు కాగితంలో ప్రతి ముక్కకూ విడిగా సంఖ్య ఇస్తాయి కనుక ఆ కాగితం దాచుకున్నవాళ్లు బ్రాకెట్ ఒక్కటే తెప్పించుకోగలరు. కిట్టు కంపెనీయే మూతపడితే పాత బ్రాకెట్‌ను ఊడదీసి మెషీన్ షాపుకు పట్టుకెళ్లాలి. రంధ్రాల మధ్య దూరం, మందం, కాలిపర్ ఎంత లోపలికి కూర్చోవాలన్నది కొలిచి కొత్తది కోయించాలి. కొలత తేడా వస్తే కాలిపర్ డిస్కు మధ్యలో నిలవదు, ప్యాడ్లు ఏటవాలుగా అరుగుతాయి.