ప్రజ్ఞాపారమిత పుట్టిల్లు ఎక్కడ?

ఎచ్చెర్ల నుంచి శ్రీకాకుళం దాటి గార దారి పడితే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ వస్తుంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రమిది. రామతీర్థం, బావికొండ, తొట్లకొండ, శంకరం... తీరం పొడవునా ఇలాంటి కొండలు ఇన్ని ఉండబట్టే మనలో ఒక నమ్మకం బలపడింది. మహాయానానికి మూలగ్రంథాల్లో ఒకటైన అష్టసాహస్రికా ప్రజ్ఞాపారమిత ఆంధ్రదేశంలోనే పుట్టిందని.

ఆ నమ్మకానికి ఆధారం ఆ గ్రంథంలోనే ఉంది. తన తర్వాత ఈ ఉపదేశం దక్షిణాపథంలో వెలసి, చివరకు ఉత్తరాదిన వర్ధిల్లుతుందని బుద్ధుడు శారిపుత్రుడితో జోస్యం చెబుతాడు. పండితుల్లో ఎడ్వర్డ్ కోంజె దక్షిణాదికే మొగ్గారు. ఎటియెన్ లామోత్ మాత్రం వాయవ్య భారతమే అన్నారు. జోస్యం చివరికి ఏ ఊరు చేరుతుందో, రాసినవారిది ఆ ఊరే అయి ఉండవచ్చు కదా! బైబిల్ పండితులు యెషయా గ్రంథాన్ని చదివే పద్ధతీ ఇదే. 40వ అధ్యాయం తర్వాత పారసీక రాజు కోరెషు పేరు కనిపిస్తుంది కాబట్టి, ఆ భాగం క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను చెరలో రాసినదని ఎక్కువమంది అంటారు. కాదు, యూదా దేశంలోనే రాశారనే వారూ ఉన్నారు.

మన చర్చను మలుపు తిప్పింది ఒక భూర్జపత్ర ప్రతి. గాంధారీ భాషలో, ఖరోష్ఠీ లిపిలో ఉన్న ఆ ప్రజ్ఞాపారమిత శకలాలను 2012 నుంచి హారీ ఫాల్క్, సెయిషి కరషిమ ప్రచురించారు. కార్బన్ పరీక్ష దాన్ని సుమారు క్రీ.శ. 47-147 మధ్య పెట్టింది. ఈ గ్రంథానికి లోకక్షేముడు చేసిన చైనా అనువాదం 179 నాటిది. ఈ ప్రతి అంతకంటే పాతది. గ్రంథం గాంధారంలోనే కూర్చబడి ఉంటుందని కరషిమ వాదించారు.

ఇప్పుడున్న పాఠం వరకు ఆయన మాటే నాకూ బలంగా తోస్తుంది. కానీ గాంధారపు పొడి నేలలో భూర్జపత్రం నిలిచింది. మన ఉప్పుగాలిలో, చెమ్మలో తాళపత్రం నిలవదు. శాలిహుండంలో మిగిలిన రాతలు రాళ్ల మీదివి, కుండపెంకుల మీదివి. ప్రతి దొరకలేదు కాబట్టి గ్రంథమే లేదనడం ఈ తీరానికి అన్యాయం. పైగా, ఎక్కడో గాంధారంలో కూర్చున్న భిక్షువు ఆ ఘనతను దూరాన ఉన్న దక్షిణాపథానికి ఎందుకు కట్టబెడతాడు? ధాన్యకటకం చుట్టుపక్కల వర్ధిల్లిన పూర్వశైల, అపరశైల శాఖలకు ప్రాకృతంలో ప్రజ్ఞాపారమిత ఉండేదని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. గాంధారవాదులు ముందు సమాధానం చెప్పవలసింది ఈ రెండింటికే.