గుర్రపుడెక్క: కొలను అందం కాలువకు ఉరైన కథ

గుర్రపుడెక్కను ఆనవాలు పట్టడం కష్టం కాదు. నున్నగా మెరిసే గుండ్రటి ఆకు, మధ్యలో ఉబ్బిన కాడ. ఆ ఉబ్బును కోసి చూస్తే లోపలంతా గాలి నిండిన స్పాంజే. లేత ఊదా పూవుకు ఆరు రేకులు, పై రేకు మీద నీలి అంచుతో పసుపు మచ్చ. నీటిపై తేలే మరో మొక్క అంతరతామరకు ఈ కాడా లేదు, ఈ పూవూ లేదు.

ఆ పూవే దీన్ని సముద్రాలు దాటించింది. పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం. జర్మన్ వృక్షశాస్త్రవేత్త మార్షియస్ 1823లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 19వ శతాబ్దం చివరికల్లా కొలనుల అలంకారంగా బెంగాల్ చేరింది. పుట్టినచోట దాన్ని కొరికి తినే పురుగులున్నాయి. మొక్క వచ్చింది, పురుగులు రాలేదు.

బెంగాల్‌లో వాగులు పూడుకున్నాయి, పడవలు నిలిచిపోయాయి, వరి పొలాల్లోకీ మొక్క చొరబడింది. 1921లో జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1936లో, ఎవరి భూమిలోనూ ఇది ఉండరాదంటూ చట్టమే చేశారు. 1937 ఎన్నికల్లో దీని నిర్మూలన పార్టీల వాగ్దానమైంది. ఒక కలుపు మొక్క ఎన్నికల దాకా వెళ్లిందంటే రైతు ఎంత నలిగిపోయాడో ఊహించవచ్చు.

చట్టం చేయలేనిది పురుగు కొంత చేసింది. 1980ల మొదట్లో, మొక్క పుట్టింటి పురుగులైన నియోకెటినా ముక్కుపురుగులను తెప్పించి బెంగళూరు చెరువుల్లో వదిలితే, కొన్నిచోట్ల మొక్క బాగా తగ్గింది. కానీ నగరాల మురుగు, పొలాల ఎరువు నీళ్లలోకి దిగుతున్నంత కాలం, పురుగు తినే వేగం కన్నా మొక్క పెరిగే వేగమే ఎక్కువ. అనువైన నీళ్లలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. కొల్లేరులోనైనా మూసీలోనైనా జరుగుతున్నది ఇదే.

పైన పచ్చటి చాప పరుచుకుంటే కింద వెలుతురు అందదు. కుళ్లిన ఆకులు ప్రాణవాయువును లాగేస్తాయి, చేపలకు ఊపిరాడదు. మాన్సోనియా దోమ పిల్లలు వేళ్లకు గొట్టం గుచ్చి అక్కడి గాలే పీలుస్తాయి. పైకి రావు కనుక నీటిపై నూనె చల్లినా చావవు.

విత్తనం బురదలో పదిహేనేళ్లకు పైగా బతికి ఉంటుంది. మురుగును ఆపకుండా యంత్రాలతో ఏటా మొక్కను తోడించడమంటే, మళ్లీ మొలిచేదానికి చోటు చేసిపెట్టడమే.