ఐస్‌లాండ్ బ్యాంకుల పతనం: పరిమాణ వాదంపై పునర్విచారణ

2008 అక్టోబరులో గ్లిట్నిర్, లాండ్స్‌బాంకి, కౌప్‌థింగ్ అనే మూడు పెద్ద బ్యాంకులు వారం తిరగకుండానే కూలిపోయాయి. అప్పటినుంచి చిన్న దేశాల బ్యాంకింగ్ మీద కలం పట్టినవారంతా దాదాపు ఒకే లెక్క అప్పజెబుతున్నారు. 3 లక్షల పైచిలుకు జనం, జీడీపీకి సుమారు 10 రెట్ల బ్యాంకు ఆస్తులు, బయట చెల్లని సొంత కరెన్సీ, ఆఖరి రుణదాతగా నిలబడలేని కేంద్ర బ్యాంకు. ఇన్ని ఉన్నాక పతనం తప్పదని వారి తీర్పు. ఈ వాదానికి గట్టి పునాది వేసినవారు విలెం బ్యూటర్, ఆన్ సిబర్ట్. లాండ్స్‌బాంకి కోరగా 2008 తొలి నెలల్లో రాసిన ఆ పత్రాన్ని జూలైలో రెయ్క్యవిక్‌లో కొద్దిమంది ముందు చదివారు. అది లోకానికి తెలిసింది పతనం తర్వాతే. ప్రమాదాన్ని ముందే పసిగట్టిన ఘనత వారిదే, అందులో వివాదం లేదు. కానీ వారు చూసినది బ్యాంకులు ఎక్కడ, ఏ కరెన్సీలో అప్పు తెచ్చాయన్నది. తెచ్చిన డబ్బు ఎవరి చేతికి పోయిందన్న ప్రశ్న ఆ చట్రంలో ఇమడదు. అసలు వ్యాధి అక్కడే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇందుకు ప్రధాన ఆధారం ఐస్‌లాండ్ పార్లమెంటు నియమించిన ప్రత్యేక విచారణ సంఘం 2010 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక. దాన్ని ఉటంకించనివారు లేరు, రుణగ్రహీతల అధ్యాయాల్ని చివరిదాకా చదివినవారు మాత్రం తక్కువ. లాండ్స్‌బాంకిలో అందరికంటే పెద్ద బాకీదారు దాని ప్రధాన యజమానుల్లో ఒకరైన బ్యోర్గోల్ఫర్ థోర్. ఆయన తండ్రి, బ్యాంకు బోర్డు అధ్యక్షుడు కూడా అయిన బ్యోర్గోల్ఫర్ గుడ్మున్‌సన్‌ది మూడో స్థానం. ఇద్దరి బాకీలూ కలిపితే 20,000 కోట్ల క్రోనాలు దాటాయి, అంటే బ్యాంకు సొంత మూలధనాన్నే మించిపోయాయి. గ్లిట్నిర్‌లో 2007 వసంతంలో బౌగుర్ అనే వ్యాపార వర్గం బోర్డు మీద పట్టు సాధించింది. అప్పటికి సుమారు 90 కోట్ల యూరోలున్న ఆ వర్గం అప్పులు ఏడాదికల్లా 200 కోట్ల దరిదాపులకు చేరాయి. ఒక దశలో అవి బ్యాంకు మూలధనంలో 80 శాతం. బోర్డు మారిన తేదీనీ అప్పు పెరిగిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ పెరుగుదలకు దేశం చిన్నదనో కరెన్సీ బలహీనమనో కారణం చెప్పడం ఎలా కుదురుతుంది?

మూలధనం సంగతి ఇంతకంటే తీవ్రం. బ్యాంకు తన షేర్లు కొనడానికి తానే అప్పిస్తుంది, ఆ షేర్లనే హామీగా పెట్టుకుంటుంది. షేరు ధర పడితే నష్టం బయటి మదుపరిది కాదు, బ్యాంకుదే. ఇలాంటి బలహీన మూలధనం 2008 నడిమికి మూడు బ్యాంకుల్లో కలిపి 30,000 కోట్ల క్రోనాలకు పైన ఉందనీ, మొత్తం మూలధనంలో అది దాదాపు పావు వంతనీ విచారణ సంఘం లెక్కగట్టింది. పతనానికి కొద్ది రోజుల ముందు, సెప్టెంబరులో, ఖతార్ రాజకుటుంబీకుడొకరు కౌప్‌థింగ్‌లో 5 శాతం వాటా కొన్నారని ప్రకటించారు. మార్కెట్ ఊపిరి పీల్చుకుంది. ఆ కొనుగోలు సొమ్మును సమకూర్చింది కౌప్‌థింగేనని తర్వాత తేలింది, 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బ్యాంకు పెద్దలకు జైలుశిక్షలు ఖాయం చేసింది. సొంత షేర్ల హామీ మీద అప్పివ్వడాన్ని మన బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 20వ సెక్షన్ 1949లోనే నిషేధించిందని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆ నిషేధానికి దేశం పరిమాణంతో పనిలేదు.

ఈ యాజమాన్య నిర్మాణానికి పునాది ప్రైవేటీకరణ నాడే పడింది. 2002 చివర లాండ్స్‌బాంకిలో 45.8 శాతం వాటా కొన్నవారు ధరలో కొంత భాగాన్ని రెండో ప్రభుత్వ బ్యాంకు బూనదర్‌బాంకి నుంచి అప్పు తెచ్చి కట్టారు. ఆ బూనదర్‌బాంకిని 2003లో కొన్న బృందంలో హౌక్ అండ్ ఆఫ్‌హాయిజర్ అనే జర్మన్ బ్యాంకు ఉందని ప్రభుత్వానికీ ప్రజలకూ చెప్పారు. ఆ భాగస్వామ్యం పేరుకే తప్ప నిజం కాదని 2017లో పార్లమెంటుకు అందిన నివేదిక తేల్చింది. వాటా చేతికిచ్చేముందు డబ్బు ఎవరిదని అడిగే వ్యవస్థ లేనప్పుడు, ఆ బ్యాంకులు పెరిగినా పెరగకపోయినా డిపాజిటర్లకు భద్రత ఉండదు.

లీమన్ పతనంతో ప్రపంచమంతటా అప్పులు బిగుసుకుపోయాయి కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, కానీ ఆ దెబ్బకు ప్రతి దేశంలోనూ ప్రధాన బ్యాంకులన్నీ కూలలేదు. పరిమాణమే నిర్ణాయకమైతే జీడీపీకి 20 రెట్లకు పైగా బ్యాంకు ఆస్తులున్న లక్సెంబర్గ్ ముందు కూలాలి. అక్కడ యూరో ఉంది కాబట్టి నిలబడిందని బ్యూటర్, సిబర్ట్ పక్షం వారంటారు. వారు ఐస్‌లాండ్‌కు రాసిచ్చిన మందుల్లో యూరో ఒకటి. అదే యూరో ఉన్న సైప్రస్‌లో 2013 మార్చిలో లైకీ బ్యాంకు మూతపడింది, బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో బీమా పరిధి దాటిన డిపాజిట్లలో 47.5 శాతం షేర్లుగా మారిపోయింది. అక్కడ గ్రీకు బాండ్ల నష్టం పెద్దదే. అయినా చిన్న దేశానికి ఉమ్మడి కరెన్సీ రక్షణ కవచమన్న మాట ఆ నెలతో చెల్లిపోయింది. లక్సెంబర్గ్ బ్యాంకుల్లో అత్యధికం విదేశీ మాతృసంస్థలవి. స్థానిక వ్యాపార కుటుంబం బ్యాంకును కొని, ఆ బ్యాంకు డబ్బుతోనే మిగతా దేశాన్ని కొనే వీలు అక్కడ దాదాపు లేదు.

పరిమాణ వాదానికి అసలు పరీక్ష పతనానంతర కాలం. ఐస్‌లాండ్ కొత్త బ్యాంకుల ఆస్తులు జీడీపీకి రెట్టింపులోపే. విదేశీ డిపాజిట్ల వేట లేదు, మూలధనం పుష్కలం. ఆ వాదం ప్రకారం సమస్య తీరిపోవాలి. కానీ గ్లిట్నిర్ వారసురాలైన ఈస్‌లాండ్స్‌బాంకిలో 22.5 శాతం ప్రభుత్వ వాటాను 2022 మార్చిలో ఎంపిక చేసిన మదుపరులకు తగ్గింపు ధరకు అమ్మినప్పుడు, కొన్నవారి జాబితాలో ఆర్థికమంత్రి తండ్రికి చెందిన సంస్థ పేరు కనిపించింది. ఆ అమ్మకాన్ని ఆమోదించే అర్హత మంత్రికి లేదని పార్లమెంటు అంబుడ్స్‌మన్ అభిప్రాయపడ్డారు, 2023 అక్టోబరులో మంత్రి ఆర్థికశాఖ వదులుకున్నారు. అమ్మకం తీరు మీద బ్యాంకు 116 కోట్ల క్రోనాల జరిమానాకు ఒప్పుకుంది. మిగిలిన వాటాను 2025లో అమ్మేటప్పుడు సాధారణ పౌరులకే మొదటి ప్రాధాన్యం ఇచ్చారు. ఈ మూడేళ్లలో బ్యాంకు పరిమాణం మీద ఎవరూ తగవు పడలేదు. తగవంతా కొనేది ఎవరన్న దాని మీదే నడిచింది.