మెంబర్‌షిప్ మనిషికా, బండికా? మోటార్‌హోమ్ తగాదాల వెనక నూరేళ్ళ కథ

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. మీ దగ్గర రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్డు ఉంది. ఫోన్ చేశారు. అవతలి మనిషి "మీ మెంబర్‌షిప్ ఉంది సార్, కానీ ఈ బండికి వర్తించదు" అన్నాడు. మరి మనం డబ్బు కట్టింది ఎవరికోసం? మనకోసమా, బండికోసమా?

అమెరికాలో, బ్రిటన్‌లో మోటార్‌హోమ్ ఓనర్లకీ కంపెనీలకీ జరిగే వాదన చాలావరకు ఇదే. మోటార్‌హోమ్ అంటే మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ లోపలే ఉన్న బండి. ఎండాకాలం సెలవుల్లో అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు కూడా కొన్ని దీన్ని అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వైపు వెళ్తుంటాయి. కారుకి తీసుకున్న కార్డే దీనికీ పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఎందుకు అనుకుంటారో తెలియాలంటే 1905కి వెళ్ళాలి.

ఆ ఏడాది లండన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టింది. అందరూ పొట్టిగా ఏఏ అంటారు. బండ్లు బాగుచేయడానికి పెట్టిన సంఘం కాదిది! 1903 చట్టం ప్రకారం బ్రిటన్‌లో కారు వేగం గంటకు 20 మైళ్ళు, అంటే సుమారు 32 కిలోమీటర్లు దాటకూడదు. పోలీసులు పొదల చాటున దాక్కుని పట్టుకునేవాళ్ళు. ఏఏ మనుషులు సైకిళ్ళ మీద తిరుగుతూ సభ్యులను ముందే హెచ్చరించేవాళ్ళు. 1910లో ఒక కేసులో కోర్టు, ఇలా హెచ్చరించడం పోలీసుల పనికి అడ్డుపడటమే అవుతుందని చెప్పింది. అప్పుడు ఏఏ ఒక ఉపాయం కనిపెట్టింది. బ్యాడ్జి ఉన్న బండి కనిపిస్తే మా మనిషి సెల్యూట్ చేస్తాడు, చేయలేదంటే ఆగి కారణం అడగండి అని సభ్యులకు చెప్పింది. చేయి లేపనందుకు కేసు ఎలా పెడతారు మరి?

బ్యాడ్జి ఉండేది బండి మీద. మాట ఇచ్చింది మాత్రం సభ్యుడికి. బండి పొడవెంత, బరువెంత అని అప్పుడు ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు.

ఇక అమెరికా. 1902లో షికాగోలో కొన్ని కార్ల క్లబ్బులు కలిసి ట్రిపుల్ ఏ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1915లో సెయింట్ లూయిస్‌లో ఒక క్లబ్బు మనుషులు మోటార్‌సైకిళ్ళ మీద తిరిగి, ఆగిపోయిన బండ్లకు సాయం చేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, టెనెసీ రాష్ట్రంలోని ఛాటనూగా ఊళ్ళో ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్ పాత కారు మీద క్రేన్ లాంటిది బిగించి టో ట్రక్కు తయారుచేశాడు. వాగులో పడిన ఒక కారుని తాళ్ళతో, మనుషులతో లాగడానికి పడిన కష్టం చూసి వచ్చిన ఆలోచన అది. అక్కడితో కథ మారింది. సాయం చేయాలని మనిషికి ఎంత ఉన్నా, యంత్రం ఎత్తగలిగే బరువుకి ఒక హద్దు ఉంటుంది కదా.

ఆ హద్దు అసలు గొడవగా మారడానికి మరో 50 ఏళ్ళు పట్టింది. 1966లో అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ మోటార్‌హోమ్‌లను ఫ్యాక్టరీ లైన్ మీద తయారుచేయడం మొదలుపెట్టింది. ధర తగ్గింది, మామూలు కుటుంబాలు కొనడం మొదలుపెట్టాయి. అదే ఏడాది యూటాకి చెందిన ఒక ట్రెయిలర్ ఓనర్ ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. తోటి ప్రయాణికుడికి సాయం చేయడానికి ఆగేవాళ్ళందరూ బండి వెనక ఒక గుర్తు అంటించుకుంటే బాగుంటుంది అని. గుడ్ శామ్ క్లబ్ అలా పుట్టింది. తర్వాత్తర్వాత అదే పేరు మీద పెద్ద బండ్ల కోసం డబ్బుకి రోడ్‌సైడ్ ప్లాన్లు కూడా వచ్చాయి. స్నేహంగా ఇచ్చిన మాట మళ్ళీ కాగితం మీది షరతు అయింది.

ఇప్పుడు ఆ షరతులు చూద్దాం. మామూలు కారు ఒకటిన్నర టన్ను ఉంటుంది. పెద్ద అమెరికన్ మోటార్‌హోమ్ 40 అడుగుల పొడవు, 10 టన్నుల పైన ఉండొచ్చు. దాన్ని లాగాలంటే వేరే ట్రక్కు కావాలి, ఖర్చు ఎన్నో రెట్లు. అందుకే ట్రిపుల్ ఏలో మోటార్‌హోమ్‌కి సాధారణంగా వేరే ప్లాన్ తీసుకోవాలి. పైగా అది సమాఖ్య కాబట్టి రూల్స్ క్లబ్బుని బట్టి మారతాయి. "మా ఫ్రెండ్‌కి ఇచ్చారు, నాకెందుకు ఇవ్వరు?" అనే గొడవకి మూలం ఇదే.

బ్రిటన్‌లో చాలా మామూలు ప్లాన్ల హద్దు 3.5 టన్నులు. 1997 జనవరి 1 నుంచి కారు టెస్టు పాసైనవాళ్ళకి లైసెన్సు హద్దు కూడా ప్రధానంగా అంతే. అంతకుముందు పాసైనవాళ్ళు 7.5 టన్నుల దాకా నడపొచ్చు. అంటే పెద్దాయనకి బండి నడిపే హక్కు ఉంటుంది, ప్లాన్‌లో మాత్రం ఆ బండికి చోటుండదు! ఇంకో సంగతి, 100 లీటర్ల నీళ్ళు నింపితేనే 100 కిలోలు. దానిమీద సైకిళ్ళు, సామాన్లు, మనుషులు. కాగితం మీద 3.5 ఉన్న బండి రోడ్డు మీద అంతకన్నా ఎక్కువే తూగొచ్చు.

బరువు ఒక్కటే కాదు, "ఇల్లు" అనే మాట మీదా చిక్కు ఉంది. ఏఏ మామూలు ప్లాన్ ఇంటి నుంచి పావు మైలు లోపల బండి ఆగితే వర్తించదు, దానికి వేరే కవర్ కొనాలి. బండినే ఇల్లు చేసుకుని తిరిగేవాళ్ళకి ఆ పావు మైలు ఎక్కడినుంచి కొలవాలి?

మరి న్యాయం ఎవరు చెప్పాలి? 1984లో యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీ ఒక ఆదేశం తెచ్చింది. ప్రయాణంలో ఇచ్చే ఇలాంటి సాయాన్ని ఇన్సూరెన్స్‌లో ఒక రకంగా లెక్కించింది. సొంత మనుషులతో అక్కడికక్కడే బండి బాగుచేసే సంస్థలకు మాత్రం మినహాయింపుకి దారి ఉంచింది. అందుకే ఒక ప్లాన్ ఇన్సూరెన్స్ అవుతుంది, అలాంటిదే ఇంకొకటి ఉత్త సర్వీస్ అవుతుంది.

బ్రిటన్‌లో ఇంతకన్నా పెద్ద మార్పు 2012 చట్టంతో వచ్చింది. పాత పద్ధతిలో, ఇన్సూరెన్స్ కొనేవాడే తన గురించి ముఖ్యమైన విషయాలన్నీ తనంతట తాను చెప్పాలి. 2013 ఏప్రిల్‌లో ఇది మారింది. ఇప్పుడు ప్రశ్నలు అడగాల్సింది కంపెనీ, వాటికి జాగ్రత్తగా, నిజంగా జవాబు చెప్పాల్సింది కొనేవాడు. "బరువు ఎంత?" అని అడగకుండా ప్లాన్ అమ్మి, బండి ఆగాక బరువు పేరుతో కాదంటే, ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్ళొచ్చు. ఫిర్యాదుకి ఫీజు లేదు. ఆ తీర్పుని మీరు ఒప్పుకుంటే కంపెనీ కట్టుబడాల్సిందే. అలాగని ప్రతి కేసూ ఓనరే గెలుస్తాడని కాదు. హద్దుని స్పష్టంగా రాసి, అడిగి అమ్మితే కంపెనీ వాదనే నిలబడొచ్చు.

నాకు ఇందులో అర్థమైంది ఒక్కటే. సెల్యూట్ రోజుల్లో సభ్యుడిని బ్యాడ్జి చూసి గుర్తుపట్టారు, ఇప్పుడు బండిని నంబర్లు చూసి కొలుస్తున్నారు. కానీ ప్లాన్ అమ్మేటప్పుడు మాత్రం ప్రకటనలు ఇంకా పాత భాషలోనే, "మీకు తోడుంటాం" అని మాట్లాడతాయి. మనం ఆ మాట విని కొంటాం, వాళ్ళు నంబరు చూసి పలుకుతారు. ఆ రెండిటి మధ్య ఇరుక్కునేది రాత్రిపూట హైవే పక్కన పిల్లలతో కూర్చున్న కుటుంబం.

కాబట్టి అద్దెకైనా, సొంతానికైనా, బండి తలుపు దగ్గరుండే బరువు ప్లేట్‌ని ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. పొడవు, ఎత్తు, వెడల్పు రాసుకోండి. "ఈ బండిని లాగుతారా, ఎక్కడిదాకా?" అని మెసేజ్‌లోనే అడగండి. వచ్చిన జవాబుని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. రేపు వాదన వస్తే మాట్లాడేది ఆ స్క్రీన్‌షాటే. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.