సహాయ కార్యక్రమాల్లో పౌర రక్షణ ప్రమాణాలు: గొత్తికోయల వలస

సాయుధ ఘర్షణల్లో చిక్కుకున్నవారికి బియ్యం, మందులు, నీడ అందించేవారు ఆ సాయం వల్ల బాధితులకు కొత్త ముప్పు రాకుండా చూడాలి. అందుకు ఏర్పడినవే పౌర రక్షణ ప్రమాణాలు. తెలుగు నేల మీద వీటికి గట్టి పరీక్ష పెట్టింది, 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవులకు సాగిన గొత్తికోయ ఆదివాసుల వలస.

పౌరుల రక్షణకు చట్టపరమైన పునాది 1949 నాటి జెనీవా ఒప్పందాలు. సహాయ సంస్థలు తమ పనితీరును తామే నిలదీసుకున్నది మాత్రం 1994 రువాండా మారణకాండ తర్వాత. సరిహద్దు అవతలి గోమా శరణార్థి శిబిరాల్లో హంతక ముఠాలే పెత్తనం చేశాయి, ఆహార పంపిణీని గుప్పిట్లో పెట్టుకున్నాయి. ఆ అనుభవంతో సహాయానికి కనీస ప్రమాణాలు నిర్దేశించే స్ఫియర్ ప్రాజెక్టు 1997లో మొదలైంది. దాని 2011 కూర్పులో రక్షణ సూత్రాలు చేరాయి. స్వదేశంలోనే నిర్వాసితులైనవారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2009లో వెలువరించిన ప్రమాణాలు బాధితుల వివరాల గోప్యతకు పెద్దపీట వేశాయి. ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో రాసిన కాగితం శత్రువు చేతికి చిక్కితే ప్రాణాలే పోతాయి కదా.

2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రేషను, బడి రోడ్డు పక్క శిబిరాలకు తరలిపోయాయి. శిబిరానికి రానివారిని మావోయిస్టుల మనుషులుగా చూశారు. నిష్పక్షపాత సాయమన్న మూలసూత్రం అక్కడే కూలిపోయింది. వేలాదిమంది నాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి చేరారు. 2006 నుంచి అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఎంఎస్ఎఫ్ వైద్యులు సరిహద్దుకు రెండువైపులా సంచార వైద్య శిబిరాలు నడిపారు. శాంతా సిన్హా అధ్యక్షతన ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007 డిసెంబరులో దంతెవాడ, ఖమ్మం ప్రాంతాలను చూసింది. పౌరులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఇవతలి ఒడ్డున కష్టం వేరు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ అయినవారికి ఇక్కడ ఆ గుర్తింపు దక్కలేదు. పోడు పట్టాలు లేవు, గుడిసెలను అటవీ శాఖ కూల్చింది. 2022 నవంబరులో ఎర్రబోడు దగ్గర ఒక అటవీ అధికారి హత్యకు గురయ్యారు. అది క్షమించరాని నేరం. దోషులైన ఇద్దరు గొత్తికోయలకు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కానీ ఆ తీర్పుకు ముందే, గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని అక్కడి బెండాలపాడు పంచాయతీ తీర్మానించింది.