డాలుతో కొట్టకూడదా?

శనివారం సాయంత్రాలు మా టీము వాళ్ళం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. తెలియనివాళ్ళ కోసం: బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. మొన్న నా యోధుడి కత్తి చేజారిపోయింది. "డాలుతో మొహమ్మీద కొడతా" అన్నాను. ఆట నడిపే మిత్రుడు పుస్తకం తిరగేసి, "డాలు కవచాల జాబితాలో ఉంది గురూ, ఆయుధాల్లో లేదు" అన్నాడు. చివరికి విరిగిన కుర్చీకాలుతో కొట్టినట్టు లెక్కేశాడు. నా యోధుడు పోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఇదే ఆటకి 2003లో వచ్చిన 3.5 రూల్సులో డాలుతో కొట్టొచ్చు. కానీ కొడితే, మళ్ళీ మన వంతు వచ్చేదాకా దాని రక్షణ పోతుంది. పోకూడదంటే ప్రత్యేక విద్య ఉండాలి. అంటే ఆట రాసినవాళ్ళ లెక్కలో కాచుకోవడం ఒక మాడ్యూలు, కొట్టడం ఇంకో మాడ్యూలు. ఆటలో సమతూకం కోసం అది సబబే. చరిత్ర మాత్రం అలా లేదు.

క్రీ.శ. 83 ప్రాంతంలో, ఇప్పటి స్కాట్లండులో మోన్స్ గ్రాపియస్ యుద్ధం జరిగింది. రోమన్ల తరఫున పోరాడిన బటావియన్లు డాలు మధ్య ఉండే ఇనుప బొడిపెతో శత్రువుల్ని గుద్దారని టాసిటస్ రాశాడు. జర్మన్ కత్తి గురువు హాన్స్ టాల్‌హోఫర్ 1467 నాటి బొమ్మల పుస్తకంలో మనిషెత్తు డాళ్ళున్నాయి. వాటి కొసలకి పొడవడానికి మొనలు కూడా!

అంతదూరం ఎందుకు, మన దేశంలోనే "మాడు" ఉంది. రెండు కృష్ణజింక కొమ్ముల్ని ఎదురుబొదురుగా కలిపి, కొసలకి ఉక్కు మొనలు తొడిగి, పిడికిలి దగ్గర చిన్న డాలు బిగిస్తారు. అడ్డుకున్న చేత్తోనే పొడవొచ్చు. దీన్ని ఏ జాబితాలో వేస్తారు? (ఆ కృష్ణజింకే మన రాష్ట్ర జంతువు. 1972 చట్టం వచ్చాక వేట నిషిద్ధం.)

ఇదంతా చదువుతుంటే గుడ్లవల్లేరులో మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన కర్రసాము చేసేవాడు. "అడ్డం పెట్టి ఊరుకుంటే రెండో దెబ్బకి చస్తావురా. కాసిన ఊపుతోనే కొట్టాలి" అనేవాడు. నేర్పుతా రమ్మంటే ఎంసెట్ కోచింగ్ ఉందని తప్పించుకున్నాను. ఇప్పుడు ఆయన లేడు. ఆ ఒక్క వాక్యం మాత్రం మిగిలింది, చెయ్యి ఎలా తిప్పేవాడో గుర్తు లేదు.

1878 ఆయుధాల చట్టంతో కత్తి, బల్లెం పట్టుకు తిరగాలంటే లైసెన్సు కావాల్సొచ్చింది. దసరాకి అమలాపురంలో చెడీ తాలింఖానా లాంటివి నిలబడ్డాయి. కానీ తప్పు అంతా తెల్లవాడి మీదకి నెట్టెయ్యలేను. మా ఇంట్లో విద్య ఆగింది నా దగ్గరే కదా.

వచ్చే శనివారానికి మా బల్ల దగ్గర రూలు మార్చుకున్నాం: డాలుతో కొట్టినా రక్షణ పోదు, ఆ వంతుకి కత్తి దెబ్బ ఉండదు. తాతయ్య ఒప్పుకునేవాడో లేదో!

మీ ఊళ్ళో సాము తెలిసిన పెద్దాయన ఉంటే, సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక్క గంట కూర్చోండి. మాటలు రాసుకోవడం కాదు, చెయ్యి కదిలించి చూపించమనండి. సెల్‌ఫోన్‌లో వీడియో తీసినా చాలు.